ఖాతా మనది, వివరాలు ఎవరివి?

అప్పు కోసం వెళ్లినవాళ్లను బ్యాంకు ముందుగా అడిగేది ఆరు నెలల స్టేట్‌మెంట్. జీతం ఏ తేదీన పడుతోంది, అద్దె ఎంత కడుతున్నారు, ఇప్పటికే ఎన్ని ఈఎంఐలు నడుస్తున్నాయి, నెలాఖరుకు చేతిలో ఎంత మిగులుతోంది అనే ప్రశ్నలన్నింటికీ అందులో జవాబుంటుంది. ఆ స్టేట్‌మెంట్‌ను ఏజెంటుకు వాట్సాప్‌లో పంపుతాం. ఫైలు తెరుచుకోవడానికి పాస్‌వర్డ్ కూడా కిందనే టైప్ చేసి పెడతాం. ఆ తర్వాత అది ఎవరి ఫోన్లో, ఎన్నాళ్లు ఉంటుందో మనకు తెలియదు. లోన్ రాకపోయినా ఫైలు మాత్రం వెనక్కి రాదు.

ఈ పద్ధతిని మార్చడానికి గత పదేళ్లలో చాలా దేశాలు చట్టాలు, నిబంధనలు తెచ్చాయి. వాటి సారాంశం ఒక్కటే. ఖాతాలోని వివరాలపై హక్కు ఖాతాదారుది. ఎవరికి పంపమని ఖాతాదారు చెబితే వారికి బ్యాంకు ఆ వివరాలను భద్రమైన దారిలో పంపాలి. దీన్నే ఓపెన్ బ్యాంకింగ్ అంటున్నారు. బ్యాంకు ఖాతాతో ఆగకుండా బీమా, మ్యూచువల్ ఫండ్లు, పింఛను, రుణాల వివరాలకూ ఇదే సూత్రం వర్తింపజేస్తే ఓపెన్ ఫైనాన్స్ అవుతుంది. హక్కు ప్రకటించడం వరకూ అన్ని దేశాలూ చేయగలిగాయి. అసలు చిక్కు రెండు చోట్ల వచ్చింది. ఈ ఏర్పాటుకయ్యే ఖర్చు ఎవరు భరించాలన్నది ఒకటి. ‘ఇవ్వను’ అనే స్వేచ్ఛ ఖాతాదారుకు నిజంగా ఉందా అన్నది రెండోది. నా దృష్టిలో రెండోదే పెద్దది, దాని మీద చర్చ మాత్రం చాలా తక్కువ.

బ్రిటన్ సంగతి ముందు చెప్పాలి. అక్కడ బ్యాంకుల మధ్య పోటీ ఎందుకు లేదో తేల్చడానికి పోటీ వ్యవహారాల నియంత్రణ సంస్థ సుదీర్ఘంగా విచారణ జరిపి 2016 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. వ్యక్తిగత ఖాతాదారుల్లో ఏడాదికి 3 శాతం, వ్యాపార ఖాతాదారుల్లో 4 శాతం మాత్రమే బ్యాంకు మారుతున్నారని తేలింది. సేవ బాగుండి కాదు, వేరే బ్యాంకులో తమకు ఎంత కలిసొస్తుందో పోల్చి చూసుకునే వీలు లేక. పోల్చాలంటే తమ లావాదేవీల చరిత్ర కావాలి, అదేమో ఉన్న బ్యాంకు గుప్పిట్లో ఉంది. దాంతో బార్‌క్లేస్, లాయిడ్స్, హెచ్‌ఎస్‌బీసీ సహా తొమ్మిది పెద్ద బ్యాంకులకు ఆదేశాలు వెళ్లాయి. అందరూ ఒకే సాంకేతిక ప్రమాణం పాటించాలి. ఆ ప్రమాణాన్ని తయారుచేసే సంస్థ ఖర్చు ఆ తొమ్మిది బ్యాంకులే పెట్టుకోవాలి. ఖాతాదారు అనుమతితో, నియంత్రణ సంస్థ గుర్తింపుతో వచ్చే కంపెనీలకు వివరాలు ఉచితంగా ఇవ్వాలి.

2018 జనవరి 13న ఇది మొదలైంది. తొలి రెండు మూడేళ్లు నత్తనడకే. ఖాతాదారు ప్రతి 90 రోజులకూ తిరిగి బ్యాంకు యాప్‌లోకి వెళ్లి తానెవరో నిరూపించుకోవాలన్న నిబంధన వల్ల చాలామంది మధ్యలోనే వదిలేశారు. తర్వాత దాన్ని సడలించారు. వాడేవారి సంఖ్య 2024 జులైలో కోటి దాటింది. జనం చేత బ్యాంకు మార్పించాలని మొదలుపెట్టిన ఏర్పాటు చివరికి చిన్న వ్యాపారుల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌కు, కార్డు లేకుండా ఖాతా నుంచి నేరుగా చేసే చెల్లింపులకు ఎక్కువగా ఉపయోగపడింది. ఆదాయపు పన్ను కూడా అలా కట్టవచ్చు. అనుకున్నది ఒకటి, అయింది మరొకటి. అయినా అది ఓటమి కాదనే నా అభిప్రాయం. దారి వేస్తే దాని మీద ఎవరు నడుస్తారో ముందే చెప్పలేం కదా.

యూరోపియన్ యూనియన్‌లో కథ వేరు. అక్కడ చట్టం రాకముందే కొన్ని కంపెనీలు ఖాతాదారు యూజర్ నేమ్, పాస్‌వర్డ్ తీసుకుని అతని పేరుతోనే నెట్ బ్యాంకింగ్‌లోకి వెళ్లి, తెరపై కనిపించే అంకెలను ఎత్తి రాసుకునేవి. దీన్ని స్క్రీన్ స్క్రేపింగ్ అంటారు. పాస్‌వర్డ్ చేతికిస్తే ఒక్క స్టేట్‌మెంట్ కాదు, ఖాతా మొత్తం ఇచ్చినట్టే. సవరించిన చెల్లింపుల చట్టం పీఎస్‌డీ2ను యూరప్ 2015లో ఆమోదించి, 2018 జనవరి నుంచి అమల్లోకి తెచ్చింది. కంపెనీలకు లైసెన్సు తప్పనిసరి చేసి, బ్యాంకులు వాటికి దారి ఇవ్వాల్సిందేనని చెప్పింది. ఆ దారి ఎలా ఉండాలో మాత్రం ఖరారు చేయలేదు. ఫలితంగా ఒక్కో బ్యాంకుది ఒక్కో తీరు, వేల బ్యాంకులతో విడివిడిగా కుస్తీ. ఈ లోపాన్ని సరిదిద్దడంతో పాటు బీమా, పెట్టుబడుల వివరాలనూ ఇందులోకి తేవాలన్న కొత్త ప్రతిపాదనను యూరోపియన్ కమిషన్ 2023 జూన్‌లో ముందుకు తెచ్చింది.

అమెరికాలో హక్కు 2010లోనే చట్టంలోకి ఎక్కింది. ఆర్థిక సంక్షోభం తర్వాత వచ్చిన డాడ్-ఫ్రాంక్ చట్టంలోని 1033వ సెక్షన్ అది. దానికి తుది నిబంధనలు రావడానికి 14 ఏళ్లు పట్టింది. వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2024 అక్టోబరు 22న వాటిని ప్రకటించిన రోజే బ్యాంకుల సంఘాలు కోర్టుకెక్కాయి. ప్రభుత్వం మారాక ఆ సంస్థే తన నిబంధనలను పునఃపరిశీలిస్తానంది. వివరాలు అడిగే కంపెనీల నుంచి రుసుము వసూలు చేస్తామని దేశంలోకెల్లా పెద్ద బ్యాంకైన జేపీ మోర్గాన్ చేజ్ 2025లో ముందుకొచ్చింది. ఖర్చు ఎవరిదన్న ప్రశ్నను చట్టం తేల్చకపోతే బలమున్నవాడే తేలుస్తాడు.

ఆస్ట్రేలియా అందరికంటే పద్ధతిగా చేసింది. వినియోగదారుకు తన సమాచారంపై హక్కు ఇస్తూ 2019లో చట్టం తెచ్చి, 2020 జులైలో నాలుగు పెద్ద బ్యాంకులతో మొదలుపెట్టి, తర్వాత కరెంటు కంపెనీలకూ విస్తరించింది. నిబంధనలు కట్టుదిట్టంగా ఉన్నాయి, రక్షణలకు లోటు లేదు. వాడేవారే లేరు. 2023 చివరికి వెయ్యిమంది బ్యాంకు ఖాతాదారుల్లో సుమారు ముగ్గురే దీన్ని వాడుతున్నారని బ్యాంకుల సంఘం చేయించిన అధ్యయనం చెప్పింది. ఖర్చు తగ్గించమని అడిగేవారి లెక్క కాబట్టి ఆ జాగ్రత్తతోనే చదవాలి. కానీ ఆదరణ తక్కువన్న మాటను ప్రభుత్వమూ కాదనలేదు.

నాకు బాగా నచ్చినది బ్రెజిల్. అక్కడ కేంద్ర బ్యాంకే ముందుండి 2020లో నిబంధనలు రాసి, 2021 నుంచి దశలవారీగా అమలు చేసింది. పెద్ద బ్యాంకులు చేరితీరాలి. మిగిలినవారికి ఇష్టమైతేనే. అయితే ఒక షరతు పెట్టింది, ఇతరుల నుంచి వివరాలు తీసుకునే ప్రతి సంస్థా తన దగ్గరున్నవీ ఇవ్వాలి. తీసుకోవడమే తప్ప ఇవ్వడం తెలియని కంపెనీలకు ఆ ఒక్క వాక్యంతో తలుపు మూసుకుంది. 2020 నవంబరులోనే మన యూపీఐ లాంటి పిక్స్ చెల్లింపులు అక్కడ మొదలై ఇంటింటికీ చేరడం కూడా కలిసొచ్చింది. ఫోన్లో డబ్బు పంపడం అలవాటైనవారికి ఫోన్లో అనుమతివ్వడం కొత్తగా అనిపించలేదు.

ఇక మనదేశం. వివరాలు ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ మధ్య ప్రత్యేకంగా ఒక సంస్థను నిలబెట్టడం మన ఏర్పాటులోని విశేషం. 2016 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన మార్గదర్శకాలతో ఇలాంటి సంస్థలకు రూపం వచ్చింది, పేరు అకౌంట్ అగ్రిగేటర్. 2021 సెప్టెంబరులో పెద్ద బ్యాంకులు చేరడంతో అసలు పని మొదలైంది. అగ్రిగేటర్ పోస్ట్‌మ్యాన్ లాంటిది. కవరు మోస్తుంది, విప్పి చూడకూడదు, దాచుకోకూడదు. సమాచారం పంపే బ్యాంకు దగ్గరే సంకేతభాషలోకి మారుతుంది, అందుకునే సంస్థ దగ్గరే విడుతుంది. మనమిచ్చే సమ్మతిలో ఏ వివరాలు, ఎవరికి, ఏ పనికి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్నిసార్లు, ఎంతకాలం అన్నవన్నీ ఉండాలి. రిజర్వ్ బ్యాంక్‌తో పాటు సెబీ, బీమా, పింఛను నియంత్రణ సంస్థల పరిధిలోని వివరాలూ ఇందులో ఉన్నాయి. 2022 నవంబరులో జీఎస్టీ రిటర్నులనూ కలిపారు. అంటే మొదటినుంచీ ఇది ఓపెన్ ఫైనాన్సే. బ్రెజిల్ షరతు లాంటిది మన దగ్గరా 2023 అక్టోబరులో వచ్చింది. వివరాలు పుచ్చుకోవడానికి చేరే బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీ తమ దగ్గరున్నవి ఇవ్వడానికీ చేరాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది.

మేలు కళ్లకు కనిపించేదే. తాకట్టు పెట్టడానికి ఇల్లూ పొలమూ లేని చిన్న వ్యాపారి గుంటూరులో ఉన్నాడనుకుందాం. అతని ఆస్తి అతని అమ్మకాలే. ఖాతాలో రోజూ పడే డబ్బు, సకాలంలో కట్టిన జీఎస్టీ చూపించి, ఏజెంటు చుట్టూ తిరగకుండా వర్కింగ్ క్యాపిటల్ అడగవచ్చు. అదే గుంటూరు జిల్లాలో కౌలు రైతుకు మాత్రం ఈ ఏర్పాటు ఇప్పటికి పెద్దగా అక్కరకు రాదు. కౌలు నోటిమాట, కొనుగోళ్లు అరువు, అమ్మిన డబ్బులో సగం వ్యాపారి దగ్గరే అప్పు కింద జమ. చూపించడానికి ఖాతాలో ఏముంటుంది? అగ్రిగేటర్ ద్వారా వచ్చిన వివరాలుంటేనే లోన్ అనే రోజొస్తే, ముందు వెనకబడేది ఆ రైతే.

సమ్మతి గురించి నాకున్న భయానికి కారణం హైదరాబాద్‌లో జరిగిన ఘోరమే. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులకు తెలంగాణలో ప్రాణాలే పోయాయి. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వరుసగా కేసులు పెట్టి అరెస్టులు చేశారు. ఆ యాప్‌లకు అగ్రిగేటర్లతో ఏ సంబంధమూ లేదు. అవి దోచుకున్నది ఫోన్లోని కాంటాక్టులను, ఫొటోలను. అయినా అక్కడా ప్రతివాళ్లూ ‘అనుమతిస్తున్నాను’ అనే బటన్ నొక్కినవాళ్లే. నాలుగైదు వేల రూపాయలు ఆ పూట కావాల్సిన మనిషి ఏ బటనైనా నొక్కుతాడు. 2021 జనవరిలో రిజర్వ్ బ్యాంక్ ఒక కమిటీ వేసింది. లోన్ యాప్‌లు కాంటాక్టులు, కాల్ లాగ్‌లు, ఫైళ్ల జోలికి పోరాదని 2022 సెప్టెంబరులో నిషేధించింది. కొన్ని వివరాలను అడగనే కూడదని చెప్పిన ఆ నిబంధన ఎన్ని సమ్మతి పత్రాలకంటే ఎక్కువ రక్షణో.

అగ్రిగేటర్ల దగ్గరా అదే జాగ్రత్త కావాలి. సమ్మతి ఎంత పక్కాగా రాసినా, అవసరంలో ఉన్నవాడి సమ్మతి అది. మూడు నెలల వివరాలు సరిపోయేచోట రెండేళ్లవి అడిగితే అతను బేరమాడలేడు. ఒక్కసారి చూస్తే సరిపోయేదాన్ని లోన్ తీరేదాకా నెలనెలా చూస్తామంటే కాదనలేడు. ఖాతా వివరాల్లో ఆదాయమే కాదు, ఏ ఆసుపత్రికి ఎంత కట్టారు, ఏ సంస్థకు చందా ఇచ్చారు, ఊళ్లో అమ్మానాన్నలకు ఎంత పంపుతున్నారు అన్నదీ ఉంటుంది. ఇంత లోతుగా ఎందుకు చూస్తున్నారని అడిగే బాధ్యతను ఒక్క ఖాతాదారు నెత్తిన పెట్టడం అన్యాయం. అది నియంత్రణ సంస్థ అడగాల్సిన ప్రశ్న. ఏ రకం లోనుకు ఎన్ని నెలల వివరాలు చాలో పైపరిమితి పెట్టాలి. అగ్రిగేటర్ ద్వారా ఇవ్వడం ఇష్టంలేదన్నవారికి వేరే దారి ఉండాలి, అందుకు వడ్డీ పెంచకూడదు.

సమ్మతిని అగ్రిగేటర్ యాప్‌లోనే వెనక్కి తీసుకోవచ్చు. ఇచ్చిన సమ్మతుల జాబితా అందులో ఉంటుంది. అయితే వెనక్కి తీసుకుంటే ఇకముందు వెళ్లేవే ఆగుతాయి. అప్పటికే అప్పిచ్చిన సంస్థ దగ్గరికి చేరినవి అక్కడే ఉంటాయి. వాటి సంగతి చూడాల్సింది 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. ఇచ్చినంత తేలిగ్గా సమ్మతిని వెనక్కి తీసుకునే వీలుండాలని, ఆ తర్వాత వేరే చట్టం ఉంచమంటే తప్ప ఆ వివరాలను చెరిపేయాలని అది చెబుతోంది. సమ్మతి కోరే పత్రాన్ని తెలుగు సహా ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే అవకాశమివ్వాలనీ అంటోంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతల అమలుకు సంస్థలకు 18 నెలల గడువిచ్చారు. బ్యాంకులు, లోన్ కంపెనీలు, అగ్రిగేటర్లు ఆ గడువు చివరిదాకా ఆగనక్కర్లేదు. సమ్మతి తెరను తెలుగులో చూపించడానికి, ‘వద్దు’ బటన్‌ను ‘సరే’ బటన్ పక్కనే అంతే పెద్దదిగా పెట్టడానికి ఏ నియమం కోసమూ ఎదురుచూడాల్సిన పనిలేదు.