మీకు తెలుసా? రెండు బటన్లు పెడితే ఒక్కటే కనిపిస్తుంది!

 కాలేజీకెళ్లి చదివే పిల్లలైనా, ఇంట్లోనే జావా స్వింగ్ (విండోలు, బటన్లు గీసే లైబ్రరీ) మొదలుపెట్టినవాళ్లైనా ముందు తడబడేది ఇక్కడే. జేఫ్రేమ్ అనే విండోలో రెండు బటన్లు చేరిస్తే చివరిదే కనిపిస్తుంది.

మొదటిది ఎక్కడికీ పోలేదు. ఫ్రేమ్‌కు మామూలుగా ఉండేది బోర్డర్ లేఅవుట్: నాలుగు దిక్కులు, ఒక నడుమ. దిక్కు చెప్పకపోతే ప్రతిదీ నడుమకే పోతుంది, అక్కడ ఒక్కదానికే చోటు. దిక్కు చెప్పండి, లేదా ఫ్లో లేఅవుట్ పెట్టండి.

విండో తెరిచాక చేర్చిన బటన్ కనబడకుంటే రీవాలిడేట్, రీపెయింట్ పిలవాలి. 2004లో జావా 5 రాకముందు ఇంకా కష్టం: ఫ్రేమ్ లోపలి కంటెంట్ పేన్‌ను వదిలి ఫ్రేమ్‌కే నేరుగా చేరిస్తే ఎర్రర్ వచ్చేది.