మీకు తెలుసా? బస్తీ గల్లీల్లో బ్రిటన్ పౌండ్లు

చార్మినార్ నుంచి శాలిబండ గడియార స్తంభం దాకా రోజూ తిరిగేవాళ్లలో ఎంతమందికి గుర్తుందో గానీ, 1980ల్లో హైదరాబాద్ బస్తీలకు రోడ్లు, నల్లాలు, మురుగు కాలువలు తెచ్చిన స్లమ్ ఇంప్రూవ్‌మెంట్ ప్రాజెక్టుకు డబ్బిచ్చింది బ్రిటన్ ప్రభుత్వం.

2010 ప్రాంతం దాకా బ్రిటన్ నేరుగా ఇచ్చే సాయంలో పెద్ద వాటా భారత్‌దే. కొత్త గ్రాంట్లు ఇక ఉండవని, ఉన్నవి 2015కల్లా ముగుస్తాయని 2012 నవంబరులో లండన్ ప్రకటించింది. 2015 నుంచి 2019 దాకా బ్రిటన్ నేరుగా సాయమిచ్చిన దేశాల జాబితాలో మొదటి పేరు పాకిస్తాన్! ఒక్క 2016లోనే 46.3 కోట్ల పౌండ్లు.

అమెరికా తీరు వేరు. పాకిస్తాన్‌కు 1980ల్లో అఫ్గాన్ యుద్ధం పేరిట ధారాళంగా ఇచ్చింది, 1990లో అణు కార్యక్రమం సాకుతో ఆపేసింది, 2001 తర్వాత మళ్లీ మొదలుపెట్టింది. అవసరం ఎవరిదో వేరే చెప్పాలా? భారత్‌కు మాత్రం పీఎల్-480 అనే ఆహార సాయం పథకం కింద వచ్చిన గోధుమల బాకీలో 1,664 కోట్ల రూపాయలను 1974లో వదులుకుంది.

ఆర్థిక సాయం మొత్తాలు చూస్తే భారత్‌దే పైచేయి. తలసరి లెక్క వేస్తే పాకిస్తాన్‌ది.

అన్నేళ్లూ లండన్ బ్యాంకులో మరో సొమ్ము కదలకుండా పడి ఉండింది. 1948 సెప్టెంబరులో నిజాం ఖాతా నుంచి పాకిస్తాన్ హైకమిషనర్ పేరిట వెళ్లిన 10 లక్షల పౌండ్లు అవి. సాయం కాదు, తగాదా. 2019లో అక్కడి హైకోర్టు భారత్‌కు, నిజాం వారసులకు అనుకూలంగా తీర్పు చెప్పేసరికి అది దాదాపు 3.5 కోట్ల పౌండ్లయింది.