పాత పికప్ ట్రక్కులో షాక్ అబ్జార్బర్ల మార్పిడి

షాక్ అబ్జార్బరు అనునది వాహనపు స్ప్రింగుల ఊగిసలాటను అణచు సాధనము. పేరునుబట్టి ఇది కుదుపును మ్రింగివేయునని తోచును గాని, నిజమునకు కుదుపును తీసుకొనునది స్ప్రింగు. స్ప్రింగు తీసుకొనిన శక్తిని ఉష్ణముగా మార్చి గాలిలోనికి వదలుట షాక్ అబ్జార్బరు పని. బ్రిటిష్ వారు దీనిని డాంపర్ అని పిలుచుట ఇంతకంటె సరియైన వాడుక. ఇది అరిగిపోయినచో ప్రయాణము అసౌకర్యముగా ఉండుటయే గాక, గతుకుల మీద చక్రము క్షణకాలము నేలను వదలును. బ్రేకు గాని స్టీరింగు గాని చక్రము నేలను అంటియున్నంత వరకే పనిచేయును.

తెలుగునాట ట్రక్కు అనగానే లారీ గుర్తుకు వచ్చును. ఈ వ్యాసములో ట్రక్కు అనగా ఉత్తర అమెరికాలో ఇంటింటి వాహనముగా వాడు, వెనుక తొట్టె గల పికప్ బండి. అక్కడ యజమానులు చిన్న మరమ్మతులను తమ ఇంటి వాకిలిలోనే చేసుకొనుట పరిపాటి.

పనిచేయు విధానము

నూనె నిండిన గొట్టములో సన్నని రంధ్రములు, కవాటములు గల పిస్టన్ కదలుచుండును. సూది లేని సిరంజిలో నీరు నింపి నెమ్మదిగా నొక్కినచో తేలికగా కదలును. వేగముగా నొక్కినచో ఎదురు తిరుగును. షాక్ అబ్జార్బరు సూత్రము ఇదియే: కదలిక ఎంత వేగమైన, నిరోధము అంత ఎక్కువ. భౌతికశాస్త్ర పాఠములలో వచ్చు అవరుద్ధ డోలనములకు ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకదు. సాధారణముగా లోనికి నొక్కుకొనునప్పటి కంటె బయటకు సాగునప్పుడు నిరోధము హెచ్చుగా ఉండునట్లు కవాటములను అమర్చుదురు. నొక్కుకొనిన స్ప్రింగు ఒక్కసారిగా ఎగదన్నకుండుటకే ఈ ఏర్పాటు.

ఎడతెగని గతుకులలో నూనె వేడెక్కి, గాలితో కలిసి నురుగు కట్టును. నురుగులో పిస్టనుకు పట్టు దొరకదు. దీనిని తగ్గించుటకే పలు రకములలో నైట్రోజన్ వాయువును ఒత్తిడితో నింపుదురు. కాలక్రమమున మూత వద్ద సీలు, లోపలి కవాటములు, రెండు చివరల రబ్బరు బుష్‌లు అరిగిపోవును.

పాత ట్రక్కులే ఏల అనుకూలము

నేటి కార్లలో అనేకము మెక్‌ఫర్సన్ స్ట్రట్ అను అమరికతో వచ్చుచున్నవి. ఇందులో చుట్ట స్ప్రింగు షాక్ అబ్జార్బరు చుట్టూ నొక్కి బిగింపబడి ఉండును. దానిని విప్పుటకు స్ప్రింగును అణచిపట్టు ప్రత్యేక సాధనము కావలెను, జారినచో ప్రాణాపాయము. అది క్రొత్తవారు చేయదగిన పని కాదు. పాత పికప్పులలో పెక్కింటికి స్ప్రింగు వేరు, షాక్ అబ్జార్బరు వేరు. ఫోర్డ్ సంస్థ 1965లో ప్రవేశపెట్టిన ట్విన్ ఐ-బీమ్ అమరిక గల ట్రక్కులు ఇందుకు మంచి ఉదాహరణ. రెండు చక్రముల చోదకము గల ఎఫ్-150లో ఈ అమరిక 1996 నమూనా వరకు కొనసాగినది. వీటి వెనుక భాగమున పట్టీ స్ప్రింగులు, అనగా మన లారీ మెకానిక్కులు చెప్పు కమాను కట్టలు ఉండును. బండి బరువును మోయునది స్ప్రింగే గనుక, షాక్ అబ్జార్బరును తీసివేసినను బండి కూలబడదు.

అరిగినదని తెలియుట ఎట్లు

బండి మూలను క్రిందికి నొక్కి వదలి, ఎన్నిసార్లు ఊగినదో లెక్కించు పరీక్ష బాగుగా ప్రచారములో ఉన్నది. ట్రక్కుల విషయమున దీనిని నమ్మరాదు. వాటి గట్టి స్ప్రింగులు చేతి బలమునకు లొంగవు. గొట్టము వెంబడి నూనె ధారగా కారిన జాడ, టైరు అంచున గుంటలు గుంటలుగా అరుగుదల, బ్రేకు వేయగానే ముందుభాగము బాగుగా వంగుట, చితికిన బుష్‌లు - ఇవి నమ్మదగిన గుర్తులు. సీలు వద్ద కొద్దిపాటి చెమ్మ మాత్రము లోపము కాదు. 50,000 మైళ్ళకు (సుమారు 80,000 కి.మీ.) మార్చవలెనని కొందరు తయారీదారులు చెప్పుదురు. అది అమ్మువారి లెక్క. మంచి రహదారిపై తిరిగిన బండికిని, పొలము బాటలో తిరిగిన బండికిని ఒకే లెక్క చెల్లదు.

మార్చు విధానము

ఈ పనిలో అసలు ప్రమాదము షాక్ అబ్జార్బరులో లేదు, బండిని ఎత్తుటలో ఉన్నది. ట్రక్కులు ఎత్తుగా ఉండును గనుక, వెనుక జతను పలుమార్లు చక్రములు నేల మీద ఉండగనే మార్చవచ్చును. వీలున్నచోట ఇదియే ఉత్తమము. ఎత్తక తప్పనిచో చదునైన గట్టి నేల మీద, ఎత్తని చక్రములకు అడ్డు చెక్కలు పెట్టి, బరువును జాకీ స్టాండ్లపై నిలుపవలెను. జాకీని మాత్రమే నమ్మి బండి క్రిందకు దూరరాదు. సిమెంటు ఇటుకలు హఠాత్తుగా పగులును, వాటిని వాడరాదు.

ఇరుసుకు కూడ ఆధారము ఉండవలెను. కొన్ని బండ్లలో ఇరుసు మరీ క్రిందికి వ్రేలాడకుండ ఆపునది షాక్ అబ్జార్బరే. ఆధారము లేకుండ దానిని విప్పినచో ఇరుసు జారి బ్రేకు గొట్టము తెగవచ్చును, చుట్ట స్ప్రింగు ఊడి రావచ్చును.

పాత నట్లతోనే కాలమంతయు గడచును. ముందురోజే తుప్పు వదలించు నూనె పోసి ఉంచుట మేలు. పై చివర నిలువు కడ్డీ గల రకములో నట్టుతో పాటు కడ్డీ కూడ తిరుగును. కడ్డీ కొనను ఒక స్పానరుతో పట్టుకొని నట్టును మరియొకదానితో త్రిప్పవలెను. వాయువు నింపిన వాటి గొట్టమునకు నిప్పు సెగ తగిలింపరాదు, పేలు ప్రమాదమున్నది. ఒక ప్రక్కది పూర్తిగా ముగించిన పిదపనే రెండవది విప్పినచో, భాగముల వరుస తెలియుటకు రెండవ ప్రక్క కండ్లయెదుట ఉండును. ఒకే ఇరుసుకు చెందిన రెండింటిని కలిపి మార్చవలెను. లేనిచో రెండు ప్రక్కల నిరోధము సమముగా ఉండదు.

క్రొత్తదానిని, జంట గొట్టముల రకమైనచో, నిలువుగా పట్టుకొని నాలుగైదు మారులు పూర్తిగా సాగదీసి నొక్కినచో లోపలి గాలి పైకి పోవును. వాయువు రకమునకు కట్టియుండు పట్టీని పై చివర బిగించిన తరువాతనే కోయవలెను; కోయగానే అది తనంతట సాగును, వ్రేళ్ళు జాగ్రత్త. కడ్డీ రకపు నట్టును రబ్బరు ఉబ్బి వాషరు అంచు వరకు వచ్చునట్లు బిగించిన సాధారణముగా చాలును. రబ్బరు చితుకునంత బిగింపరాదు.

క్రొత్తవారు తరచు విస్మరించునది ఒకటున్నది. బోల్టు దూర్చు కన్ను గల చివరలను, బండి బరువు చక్రములపై పడిన తరువాతనే తుదిగా బిగించవలెను. ఇరుసు వ్రేలాడుచుండగా బిగించినచో, బండి దిగగానే రబ్బరు బుష్ మెలిపడి, ఆ మెలితోనే ఉండిపోయి కొలదికాలములో చిరుగును. బిగింపు పరిమాణము ఆయా బండి మరమ్మతు పుస్తకములో ఉండును. దానిని టార్క్ రెంచితో సరిచూడవలెను. కొన్ని వందల కిలోమీటర్లు నడిపిన పిమ్మట మరల ఒకసారి పరీక్షించుట అవసరము.

తీసివేసిన వాటిలో నూనె మిగిలియుండును. వాటిని కాలువలలోగాని చెత్తలోగాని వేయక, పాత ఇనుము కొనువారికి, లోపల ఒత్తిడి గల వాయువున్న సంగతి చెప్పి ఇవ్వవలెను.