ఘర్షణమును శోధించిన ఇంజనీరు

ఘర్షణము లేనిచో మనుజుడు అడుగైన వేయలేడు. అది మితిమీరినచో యంత్రములు అరగిపోవును. ఈ ఘర్షణమును శోధించుటకే జీవితమును వినియోగించిన మెకానికల్ ఇంజనీరు భరత్ భూషణ్. ఉత్తరప్రదేశమున జన్మించి, 1970లో పిలానీలో పట్టము పొంది, అమెరికాలో ఉన్నతవిద్య ముగించి, కొంతకాలమునకు ఆయన ఐ.బి.ఎం. సంస్థలో చేరెను.

కంప్యూటరులో సమాచారమును దాచు అయస్కాంత ఫలకము వేగముగ తిరుగును. దానిని చదువు సాధనము వెండ్రుకవాసికంటె తక్కువ ఎడముతో తేలియుండును. రెండును ఒరసికొన్నచో సమాచారము నశింపవచ్చును. ఆ ఒరపిడినే ఆయన పరిశీలించెను.

1991లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమున చేరి, నానోమీటరు స్థాయిలో ఘర్షణమును కొలిచెను. మీటరులో నూరుకోట్లవ వంతే నానోమీటరు.

తామరాకుపై సూక్ష్మమైన బుడిపెలును, మైనపు పొరయు ఉండుటచే నీరు నిలువక, ధూళిని గొని జారిపోవును. దానిని అనుకరించు తలములను ఆయన బృందము నిర్మించెను. కొలనిలోని ఆకు ఇంజనీరుకు గురువయ్యెను.