సముద్రం చూడాలని వారికీ ఉంటుంది



సెలవులొస్తే పిల్లలు రామేశ్వరం వైపు వెళదామంటారు. ఇంట్లో ఫాలిజ్ (పక్షవాతం) వచ్చి కోలుకుంటున్న తాతో, మోకాళ్ళ నొప్పులతో నాలుగడుగులు వేయలేని నానీయో ఉంటే, "మీరు వెళ్ళిరండి, నేను ఇంట్లోనే ఉంటాను" అనేస్తారు. ఓపిక లేక అన్నారని మీరు అనుకుంటారు. నా దగ్గరకు మందుకు వచ్చే పెద్దవారిని విడిగా అడిగితే తేలేది వేరు. దారిలో ఒంటికి వెళ్ళాల్సి వస్తే ఎవరు లేపుతారు, ఎక్కడికి తీసుకెళతారు అన్నదే వారి భయం. కొడుకుతో చెప్పుకోలేరు, కోడలితో అసలే చెప్పుకోలేరు.

బలవంతం మీద బయలుదేరినా, ముందు రోజు రాత్రి నుంచే నీళ్ళు మానేస్తారు. వుజూ నిలుపుకోవాలని బిగబట్టుకుంటారు. ఆరోగ్యానికి తప్పనిసరి అయిన ఆరు అంశాలను యూనానీలో అస్బాబె సిత్తా జరూరియా అంటారు. గాలి, ఆహారపానీయాలు, శరీరపు కదలిక-విశ్రాంతి, మనసు కదలిక-విశ్రాంతి, నిద్ర-మెలకువ అనేవి ఐదు. ఆరవది ఇహ్తిబాస్-ఇస్తిఫ్రాగ్, అంటే ఒంట్లో నిలవవలసింది నిలవడం, పోవలసింది పోవడం. మనం బిర్యానీ డేగిషా మాత్రం మరచిపోం, ఈ ఆరవదాన్నే మరచిపోతాం! ఎండలో నీళ్ళు తాగకపోతే తల తిరుగుతుంది, మలబద్ధకం, మూత్రంలో మంట వస్తాయి. బిగబట్టుకుని నమాజు చేయడం మక్రూహ్ అని ఉలమా కూడా చెబుతారు.

నడవలేని వారికి ధనుష్కోడి దారి అనువైనది. 1964 డిసెంబరు తుపానులో ఆ ఊరు కొట్టుకుపోయాక చాలా ఏళ్ళు ఇసుకలో జీపులపై కుదుపుకుంటూ వెళ్ళేవారు. 2017లో అరిచల్ మునై వరకు తారురోడ్డు పడింది. ఇప్పుడు కారు దిగకుండానే రెండు వైపులా సముద్రం కనిపిస్తుంది. చక్రాల కుర్చీని ఇసుకలోకి తోయకండి, దిగబడుతుంది. 2025 ఏప్రిల్‌లో పాంబన్ కొత్త వంతెన ప్రారంభమయ్యాక రైలూ ఉంది కానీ, ఎత్తైన మెట్లు ఎక్కించడం కష్టం. కారయితే మీకు కావలసిన చోట ఆపుకోవచ్చు.

మధురై నుంచి రామేశ్వరం సుమారు 170 కిలోమీటర్లు. కోయంబత్తూరు వారు మధురైలో ఒక రాత్రి ఆగండి. గంటన్నరకొకసారి బండి ఆపి, వారు అడగకముందే మీరే అడగండి. మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీ, మూతగల బకెట్టు, అడ్డుగా పట్టడానికి రెండు దుప్పట్లు, మగవారికైతే యూరిన్ క్యాను డిక్కీలో ఉంచండి. రామేశ్వరంలోనే ఆ పని ముగించుకుని ధనుష్కోడికి బయలుదేరండి, చీకటి పడేలోపు వెనక్కి రండి.

బండిలో కూర్చున్నంతసేపూ పాదాలు పైకీ కిందికీ ఆడించమనండి. ఫాలిజ్, కీళ్ళ నొప్పులున్న బల్గమీ మిజాజ్ వారికి సాయంత్రపు చెమ్మగాలి పడదు, చెవులకు మఫ్లరు చుట్టండి. షుగరుతో పాదాలు మొద్దుబారిన వారిని వేడి ఇసుకపై వట్టి కాళ్ళతో నిలబెట్టకండి. ఇంగ్లీషు మందులు ఆపవద్దు. ఒంటికి ఎక్కువగా వచ్చే బీపీ మాత్ర ఉంటే ఆ రోజు ఏ వేళకు వేసుకోవాలో, గుండె, కిడ్నీ జబ్బులున్నవారు నీళ్ళెంత తాగాలో వారి డాక్టరునే అడగండి.

ఇక వారిని లేపి తీసుకెళ్ళేది ఎవరన్నది బయలుదేరే ముందు రోజే, అందరి ఎదుటా కాకుండా, వారినే అడిగి తేల్చుకోండి. నానీ కోడలిని కాదని మనవరాలిని కోరుకుంటే కోడలు నొచ్చుకోకూడదు.