మేఘములో దాచిన మూట

మన ఇండ్లలో ఫొటోల ఆల్బము ఇప్పుడు బీరువాలో లేదు, చేతి ఫోనులో ఉన్నది. పెండ్లి ముచ్చటలు, పసివాని తొలి అడుగులు, గతించిన నాయనమ్మ కంఠస్వరము సైతము అందులోనే. అది నీటిలో పడినచో ఫోను మరల కొనవచ్చును గాని, ఆ కంఠస్వరము దొరకదు. అందుచేత ‘క్లౌడ్’ అను ఏర్పాటును గురించి ముచ్చటింపదలచితిమి.

మేఘమని పేరేగాని అది ఆకాశమున లేదు. భూమిమీదనే, రేయింబవళ్లు చల్లపరచుచుండవలసిన కంప్యూటర్ల భవనములలో కొంత చోటును మనము అద్దెకు పుచ్చుకొందుము. మన ఫొటోల నకళ్లు ఇంటర్నెట్ ద్వారా అచ్చటికి చేరును. గూగుల్ వారు 15 గిగాబైట్లు, ఆపిల్ వారు 5 గిగాబైట్లు ఉచితముగా నిచ్చుచున్నారు. ఆపైన అద్దె. 2024లో మన దేశమున గూగుల్ వారి 100 గిగాబైట్లకు సంవత్సరమునకు 1,300 రూపాయలు. ఫొటో 4 మెగాబైట్లనుకొన్నచో అందు 25,000 పట్టును. భారమనజాలము, కాని ఇది ఏటేట చెల్లింపవలసిన అద్దె యని మరువరాదు. వీడియోలు తీయు అలవాటున్న ఇంట ఆ చోటు త్వరలోనే నిండును.

సెకనుకు 10 మెగాబిట్లు పంపగల కనెక్షనుపై 100 గిగాబైట్లు చేరుటకు ఇంచుమించు 22 గంటలు పట్టును. ఈ శ్రమ తొలిసారి మాత్రమే.

పలువురు పొరబడునది మరియొకచోట. ఫోనును, క్లౌడును ఒక్కతీరుగ నుంచు పద్ధతి వేరు, భద్రపరచుట వేరు. గూగుల్ ఫొటోస్‌లో ఫోనునుండి తుడిచివేసినది అచ్చటను చెత్తబుట్టకు పోవును. 60 దినములు గడచిన పిమ్మట అదియు నుండదు. భవనములకును ఆపదలు కలవు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్‌లో ఓవీహెచ్ సంస్థ భవనము దగ్ధమైనప్పుడు, వేరొకచోట నకలు లేని ఖాతాదారులు కొందరు తమ సమాచారమును శాశ్వతముగా కోల్పోయిరి. కావున క్లౌడుతోపాటు ఇంట నొక హార్డ్‌డిస్కు కూడ నుండవలెనని మా అభిప్రాయము. ఆరునెలలకొకమారు ఏదేని ఫొటోను తిరిగి దింపి చూచినచో, నకలు సరిగానున్నదో లేదో తేలును.

ఇక తాళపుచెవి సంగతి. రెండేండ్లు వాడని ఖాతాలను గూగుల్ వారు తొలగింపవచ్చును. పాస్‌వర్డు ఇంట నొక్కరికే తెలిసియుండుట క్షేమము గాదు. కాగితముపై వ్రాసి నగలపెట్టెలో నుంచుడు. ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’ అను సదుపాయమున భార్య పేరో, బిడ్డ పేరో ముందుగనే నమోదు చేయవచ్చును.