పొటాషియం పోయినా పోగు నిలిచింది

గోడ రంగుకీ, టూత్‌పేస్టుకీ తెల్లదనం ఇచ్చే టైటానియం డయాక్సైడ్ ఒకే పదార్థమైనా, పరమాణువుల అమరికను బట్టి దానికి రూపాలు చాలా ఉన్నాయి. రూటైల్, అనటేజ్, బ్రూకైట్ ఖనిజాలుగా ఎప్పటినుంచో తెలిసినవే. 1980లో ఫ్రాన్స్‌లోని నాంత్‌లో మార్షాన్, బ్రోఆన్, టూర్నూ అనే రసాయనవేత్తలు మరో రూపాన్ని తయారుచేసి ‘టైటానియం డయాక్సైడ్-బి’ అన్నారు. అది కొలిమిలో పుట్టి, ఆమ్లంలో రూపుదిద్దుకుంది.

పొటాషియం నైట్రేటునూ టైటానియం డయాక్సైడునూ కలిపి సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలిస్తే పొటాషియం టెట్రాటైటనేట్ వస్తుంది. తగిన పద్ధతిలో పెంచితే దీని స్ఫటికాలు సన్నని పోగుల్లా, అంటే విస్కర్లుగా సాగుతాయి. ఒక్కో పోగులో టైటానియం, ఆక్సిజన్ కలిసిన పొరలుంటాయి. వాటి నడుమ పొటాషియం అయాన్లు ఇరుక్కుని ఉంటాయి.

ఈ పోగుల్ని పలుచటి నైట్రిక్ ఆమ్లంలో వేసి కలియబెడితే అవి కరిగిపోవు. పొటాషియం బయటికొస్తుంది, ఆ చోట్లోకి హైడ్రోజన్ అయాన్లు చేరతాయి. అద్దెకున్నవాళ్లు మారినా ఇల్లు చెక్కుచెదరనట్టు పొరలు నిలుస్తాయి. బయటికొచ్చిన పొటాషియం ద్రవంలో పేరుకుంటే మార్పిడి మందగిస్తుంది కాబట్టి ఆమ్లాన్ని మధ్యమధ్యలో మారుస్తుంటారు. తర్వాత వడకట్టి, కడిగి, ఆరబెట్టి దాదాపు 500 డిగ్రీలకు వేడిచేస్తారు. హైడ్రోజన్ కొంత ఆక్సిజన్‌ను వెంటబెట్టుకుని నీటి ఆవిరిగా పోతుంది. పక్కపక్క పొరలు ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. మిగిలింది టైటానియం డయాక్సైడే, పోగు ఆకారం మాత్రం పాతదే. వేడి మరీ పెంచితే అది అనటేజ్‌గా, ఆపైన రూటైల్‌గా మారిపోతుంది.

ఇలా పుట్టిన రూపం రూటైల్, అనటేజ్‌ల కన్నా తక్కువ సాంద్రత గలది, లోపల వెసులుబాటు ఎక్కువ. లిథియం అయాన్లు సులువుగా వచ్చిపోగలవు. అందుకే 2000 తర్వాత స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో పీటర్ బ్రూస్ బృందం దీని నానోతీగల్ని బ్యాటరీ ఎలక్ట్రోడుగా పరీక్షించింది. వాళ్లు పొటాషియానికి బదులు సోడియం టైటనేట్‌తో మొదలుపెట్టినా, ఆమ్లంతో కడగడం, వేడిచేయడం తప్పలేదు.

అయితే ప్రతి టైటనేటూ ఆమ్లానికి లొంగదు. పొటాషియం పాలు తగ్గిన హెక్సాటైటనేట్‌లో పొరలుండవు, సొరంగాలుంటాయి. వాటిలో బిగుసుకున్న పొటాషియం ఓ పట్టాన కదలదు. ఆ మొండితనమే బ్రేకు లైనింగుల్లో పనికొస్తుంది. ఆమ్లం వంతు రాకముందే, కొలిమికి పాళ్లు కలిపేటప్పుడే పోగు భవిష్యత్తు తేలిపోతుంది.